ఆకుపచ్చ గాజుల బొంగరం

మా తమ్ముడి బొంగరాన్ని మొన్న ఒక కుర్రాడి చొక్కా మీద చూశాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా చింతచిగురు రొయ్యలు పొయ్యి మీద పెట్టాను. అంతలో కాలింగ్ బెల్లు మోగింది. గరిట చేత్తో పట్టుకునే తలుపు తీశాను. ఎదురుగా నల్ల టీషర్టు. దాని మీద ఆకుపచ్చ ముక్కలు పేర్చినట్టు ఒక బొమ్మ, పైన గుండ్రంగా, కింద మొనదేలి ఉంది. దాని కింద నెత్తురు కారుతున్నట్టున్న అక్షరాల్లో 'శాపం' అని రాసి ఉంది. ముందు ఆ బొమ్మను చూశాను. ఆ తర్వాతే మనిషి మొహం చూశాను.

"నమస్కారమండి మేడమ్ గారూ. మాది కొత్తపేటండి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమండి," అన్నాడు.

మనిషి మర్యాదగానే ఉన్నాడు. చెప్పులు బయట విప్పాడు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. అదే నాకు మరీ మంట. వెధవపని చేసేవాడు వెధవలాగే కనిపిస్తే తిట్టడానికి సుఖంగా ఉంటుంది.

"మాకు పాత సినిమాలంటే పిచ్చండి. ఒక గ్రూపుందండి. బ్యాన్ అయిపోయి ఎవరికీ దొరక్కుండా పోయినవి వెతికి పట్టుకుని, శుభ్రం చేసి నెట్లో పెడతామండి. మన రాజోలు వైపు లంకల్లో అప్పట్లో దెయ్యం సినిమా ఒకటి తీసేరు కదండీ, ఆ ప్రింటు దొరికిందండి మాకు. ఒక్క ముక్క కట్ లేకుండానండి."

నేను గరిట పట్టుకుని వింటున్నాను. అతను దాన్ని ఆసక్తి అనుకున్నట్టున్నాడు.

"అందులో సమాధి దగ్గర ఏడ్చే ఆవిడ మీ అమ్మగారని తెలిసిందండి. సినిమా మొత్తానికి ఆ సీనే హైలైటండి. ఎంత నేచురల్‌గా చేసేరండీ ఆవిడ! అమలాపురంలో షో వేస్తున్నామండి. ఆవిణ్ణి స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పుదామనండి."

శాలువాట! నేచురలట! గరిటతో నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. కానీ నా కళ్ళు ఆ చొక్కా మీంచి రావడం లేదు.

"ఆ బొమ్మ ఏంటి?" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. "సినిమాలో శాప చిహ్నమండి. మేకు అండి అది. ఆత్మ పైకి లేవకుండా సమాధిలోకి దిగ్గొట్టే మేకు. మా గ్రూపులో ఒకాయన దాని మీద పెద్ద వ్యాసం రాసేరండి. ఈ టీషర్టులు మేమే వేయించేమండి. బాగా వెళ్తున్నాయండి."

వంటింట్లో రొయ్యలు మాడుతున్న వాసన వస్తోంది. నేను కదల్లేకపోయాను. సరిగ్గా అప్పుడే, "ఎవరే వచ్చింది?" అంటూ గోడ పట్టుకుని మా అమ్మ హాల్లోకి వచ్చింది.

అమ్మకు కళ్ళ ఆపరేషన్ అయింది కానీ, ఏదైనా సరిగ్గా చూడాలంటే మొహం దగ్గరగా పెట్టాలి. ఆ కుర్రాడు లేచి నిలబడి దండం పెట్టాడు. అమ్మ అతని మొహం వంక చూడలేదు. నేరుగా వెళ్ళి అతని గుండెల దగ్గర తల వంచింది. వేలితో ఆ ఆకుపచ్చ అంచు పట్టుకుని పైనుంచి కిందికి, మొన దాకా నిమిరింది.

"ఇది నీకెక్కడిది బాబూ?"

"సినిమాలోదండి అమ్మమ్మగారూ. మీ సీన్లోదేనండి. సమాధి మీద ఉంటుంది కదండీ."

"కనపడుద్దా?"

"ఆయ్, శుభ్రంగా కనపడుద్దండి. క్లోజప్పండి."

అమ్మ చెయ్యి ఇంకా అతని చొక్కా మీదే ఉంది. అతనికది ఆశీర్వాదంలా ఉన్నట్టుంది, కదలకుండా నిలబడ్డాడు. ఒళ్ళు మండిపోయి, "మీరింక వెళ్ళండి," అన్నాను. అతను బిత్తరపోయి చెప్పులు వేసుకుంటుంటే అమ్మే అడ్డం పడింది. "అమ్మాయ్, ఫోన్ నంబరియ్యి ఆ అబ్బాయికి. అదేదో పంపిస్తాడు." ఇచ్చాను. అమ్మ మొహం చూసి ఇచ్చాను.

మాది రాజోలు వైపు, వైనతేయ గోదారి ఒడ్డున ఒక లంక ఊరు. మా చర్చి సమాధులన్నీ గోదారి గట్టును ఆనుకుని ఉండేవి. వానాకాలం వెళ్ళాక సమాధుల పండగ వస్తుంది. మావాళ్ళకు క్రిస్మస్ ఎంతో అదీ అంతే. సమాధులకు సున్నం కొట్టి, కడియం నుంచి తెచ్చిన బంతిపూలు పరిచి, పొద్దు గూకే వేళకు ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన చేస్తారు. పెద్దవాళ్ళు కాసేపు ఏడుస్తారు, తర్వాత అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పిల్లలు కరిగిన మైనం ఉండలు చేసుకుని ఆడుకుంటారు. చచ్చిపోయినవాళ్ళను చుట్టాలను పలకరించినట్టు పలకరించి రావడం, అంతే.

మా తమ్ముడు మెదడువాపు జ్వరంతో పోయాడు. ఇంకా బడిలో వేయలేదు. వాడికో బొంగరం ఉండేది. తిప్పడం రాదు. ఊరికే గుప్పిట్లో పట్టుకుని తిరిగేవాడు. దాని తాడు ఎక్కడ పారేశాడో పారేశాడు, "తాడూ, తాడూ" అని అమ్మ కొంగు పట్టుకుని లాగేవాడు. జ్వరం వచ్చిన రోజు కూడా లాగాడు. వాడి సమాధి కట్టేటప్పుడు మేస్త్రి సిమెంటు మెత్తి చెయ్యి కడుక్కునేలోగా అమ్మ తన చేతి గాజులు చితక్కొట్టి, ఆ ఆకుపచ్చ ముక్కలు పచ్చి సిమెంట్లో ఒక్కొక్కటే గుచ్చి బొంగరం చేసింది. శిలువ కింద బొంగరం ఏమిటమ్మా అని ఎవరో అంటే, "ఆడికి తెలిసింది అదొక్కటే కదండీ," అందట.

ఆ మరుసటి వేసవిలో సినిమావాళ్ళు దిగారు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకున్న డైరెక్టరు అయ్యగారింట్లో కూర్చుని పనసపొట్టు కూరతో భోంచేసి, మా ఆచారాల మీద సినిమా తీస్తున్నామని, వేరే రాష్ట్రాల్లో కూడా చూపిస్తామని చెప్పాడు. సమాధుల పండగ మాకోసం ఒక్కసారి చేసి చూపించండి అన్నాడు. అడిగింది ఇంటికొచ్చిన మనిషి. మావైపు ఇంటికొచ్చినవాడికి కాదని చెప్పడం ఎవరికీ రాదు. ఎండాకాలంలో బంతిపూలెక్కడివి? ఇళ్ళల్లో ఉన్న మల్లెపూలన్నీ కోసుకొచ్చారు. సున్నం మళ్ళీ కొట్టారు. ఆదివారం కట్టుకునే చీరలు కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. కెమెరాకు నల్ల అద్దం పెట్టారు, చీకటిలా కనిపించడానికట.

ఇక్కడే మావాళ్ళు పప్పులో కాలేశారు. నటించమంటే నటించాలి కదా. చేతకాలేదు. కన్నబిడ్డ సమాధి ముందు కొవ్వొత్తి వెలిగించి ఉత్తుత్తినే ఎలా ఏడుస్తారు? ఊరంతా నిజంగానే పండగ చేసేసింది. మా అమ్మయితే మరీను. ఇంతమందిలో నీదే మంచి సమాధమ్మా అని డైరెక్టరు కెమెరా అక్కడికి తెప్పించాడు. "ఏం మాట్లాడమంటారండీ?" అని అమ్మ అడిగింది. "మీ ఇష్టమొచ్చింది మాట్లాడండి. గొంతు తర్వాత మేం వేస్తాం," అన్నాడు. నేను అక్కడే, ఆ కెమెరా బండి పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ కూర్చుని సమాధి మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది, ఏడుస్తోంది. ఏం చెబుతోందో నాకు వినిపించలేదు. అయిపోయాక డైరెక్టరు చప్పట్లు కొట్టి, "భలే చేసేవమ్మా!" అన్నాడు. "నేనేం చేసేనే?" అని అమ్మ దారంతా నన్ను అడుగుతూనే ఉంది.

సినిమా రాజోల్లో ఆడుతోందని తెలిసి ఊరు ఊరంతా కదిలింది. అంబాజీపేటలో కొబ్బరి దించేసి ఖాళీగా వస్తున్న లారీ ఎక్కి వెళ్ళాం. అయ్యగారు కూడా తెల్ల అంగీ వేసుకుని వచ్చారు. హాలు నిండా మగాళ్ళు. లేడీస్ క్లాసులో మేం తప్ప ఎవరూ లేరు. అప్పుడైనా అర్థం కావాలి కదా. కాలేదు. తెర మీద మా రేవు కనపడగానే చప్పట్లు, మా చర్చి కనపడగానే చప్పట్లు. "అదిగో, అదిగో నువ్వే!" అని అమ్మను గిల్లారు. తెర నిండా అమ్మ మొహం.

అమ్మ నోరు తెరిచింది. అందులోంచి ఎవత్తెదో బొంగురు గొంతు వచ్చింది. "లే... లేచి రా... పాలు తాగిన నోటితో నెత్తురు తాగు... రా..." అని గురక పెట్టినట్టు పిలిచి, విరగబడి నవ్వింది.

అమ్మ కొంగు తీసి నా తల మీదా తన తల మీదా ఒక్కసారే కప్పేసింది. ఆ తర్వాత ఆ సినిమా నాకు తెలిసింది కొబ్బరినూనె వాసన, మల్లెపూల వాసన, అమ్మ గుండె కొట్టుకోవడం, అంతే. బయట ఈలలు వినిపించాయి. కాసేపటికి ఈలలు కూడా ఆగిపోయి, హాలంతా ఊపిరి బిగపట్టింది. మధ్యలో బట్టల్లేని బిట్లు అతికించారన్న మాట నాకు పెద్దయ్యాక తెలిసింది. మావాళ్ళు ఒక్కసారిగా లేచారు. తల మీద కొంగు తియ్యకుండానే అమ్మ నన్ను మెట్లు దింపింది. లారీ వెళ్ళిపోయింది. ఆదివారం చీరలు కట్టుకున్న ఆడవాళ్ళందరూ సోడా కొట్టు ముందు నేల మీద కూర్చున్నారు. అయ్యగారు ఎవరి మొహమూ చూడలేకపోయారు.

గొడవలయ్యాయి, అర్జీలు వెళ్ళాయి, ఊరేగింపులు జరిగాయి. సినిమాను ఆపేశారు, రీళ్ళ పెట్టెలు పోలీసులు పట్టుకుపోయారు. పీడ విరగడైందనుకున్నాం. ఏం విరగడ! వీడియో క్యాసెట్లయి గల్ఫ్ దాకా వెళ్ళింది. మా నాన్న అప్పుడు మస్కట్లో డ్రైవరు. క్యాంపు గదిలో మన వైపు మగాళ్ళంతా చేరి టీవీ ముందు కూర్చుని ఆ క్యాసెట్టు వేశారు. ఈలలు వేస్తున్నవాళ్ళ మధ్య కూర్చుని నాన్న చూశాడు, తన పెళ్ళాన్ని, తన కొడుకు సమాధిని. ఈ సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నాన్న పోయిన రోజు ఆ గదిలో ఉన్నాయన ఏడుస్తూ చెప్పాడు.

సెలవు మీద వచ్చినప్పుడు నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటే మాటన్నాడు. "నువ్వింక ఆ సమాధుల దగ్గరికి వెళ్ళకు. నీ ఏడుపు లోకానికి ఆటైపోయింది." అమ్మ ఎదురు చెప్పలేదు. అప్పటికే కాలవ గట్టున వెళ్తుంటే వెనకనుంచి వెధవలు ఆ బొంగురు గొంతు అనుకరించి "లేచి రా" అనేవాళ్ళు. ఆ ఏటి నుంచి సమాధుల పండగ నాడు మా ఇంటి తలుపు మూసే ఉండేది.

తర్వాత గోదారి గట్టు కోసుకుపోవడం మొదలైంది. ఎవరి సమాధి వాళ్ళు తీసి ఊరి లోపలి కొత్త స్థలంలో పెట్టుకోండని చర్చిలో చెప్పారు. నాన్న మస్కట్లో, నేను హాస్టల్లో. అందరి ముందూ బిడ్డ సమాధి తవ్వించి ఏడవడానికి అమ్మకు ధైర్యం చాలలేదు. ఆ వానాకాలం వరదకు గట్టు విరిగిపోయింది. బొంగరం కూడా పోయింది.

మొన్న ఆ కుర్రాడు వెళ్ళాక, మాడిన రొయ్యలతోనే అన్నం తిన్నాం. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ముందు చూడు అమ్మాయ్. అది ఎక్కడుందో చూసి నాకు చూపించు. మిగతాది నాకొద్దు."

"అమ్మా, అది చాలా అసహ్యమైన సినిమా."

"తెలుసు కదే. నా నోట్లోనేగా పెట్టేరు."

అమ్మ వెళ్ళి పడుకుంది. నేను గది తలుపేసుకుని, అతను పంపించిన లింకు నొక్కాను.

దెయ్యం సినిమాలంటే నాకు కోపం లేదు. మా స్కూల్లో పిల్లలు దెయ్యం కథ చెప్పమంటే కిటికీలు మూసి మరీ చెబుతాను. భయపడటం సరదాగానే ఉంటుంది. ఈ సినిమాలో భయం లేదు. భయపెట్టడం చేతకానివాళ్ళు ఎదటివాడి కడుపులో తిప్పించి, అదే భయం అనుకోమన్నారు.

మొదట్లో మా కాలవలు, మా పడవలు. 'నాగరికత తెలియని ఒక లంక' అని ఒక గొంతు. నాగరికత తెలియదట! మా అయ్యగారి భార్య అప్పటికే హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. తర్వాత ఒకడు బతికున్న కోడి మెడ పళ్ళతో కొరికాడు. మాయా మర్మం ఏమీ లేదు, నిజంగానే కొరికాడు. దాని రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి, కెమెరా కదల్లేదు. ఒక లేగదూడ మెడకు తాడేసి రేవులోకి ఈడ్చారు. అది ఏమైందో చూడలేక ఫోను బోర్లించి పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. ఆ కోడి, ఆ దూడ మా ఊళ్ళోవే అయి ఉంటాయి. ఎవరింటివో.

తిరిగొచ్చి కూర్చున్నాను. హీరోయిన్ ఒక చిన్నపిల్ల, కాలేజీలో ఉండాల్సిన వయసు. ఆమెను స్తంభానికి కట్టేశారు. మీద పడేవాళ్ళు పడుతున్నారు, చీర లాగేవాళ్ళు లాగుతున్నారు. కెమెరా తీరిగ్గా కింద నుంచి పైకి, పైనుంచి కిందికి తిరుగుతోంది. ఆ పిల్ల కళ్ళు మాత్రం మీదున్నవాళ్ళను చూడటం లేదు. కెమెరా వెనక ఎవరినో చూస్తోంది. ఇంక చాలా అండీ అని అడుగుతున్నట్టుంది. ఎవరూ చాలన్నట్టు లేరు. మా అమ్మ ఏడుపు ఎలా నిజమో, ఆ పిల్ల ఏడుపూ అలాగే నిజం అనిపించింది. థూ! వీడియో కింద, చూసినవాళ్ళు రాసిన మాటలున్నాయి. అప్పట్లోనే ఎంత ధైర్యమో అని ఒకడు. ఇలాంటిది బ్యాన్ చేయడం కళను చంపడమే అని ఇంకొకడు. కళట, గాడిదగుడ్డేం కాదూ! కట్టేసిన పిల్లను తీయడానికి ధైర్యమెందుకు?

అప్పుడొచ్చింది మా సమాధుల తోట. నల్ల అద్దంలోంచి తీసినా ఎండ దాగలేదు, నీడలు కాళ్ళ కిందే ఉన్నాయి. సమాధుల మీద మల్లెపూలు. అమ్మ. ఇప్పటి నా కంటే చాలా చిన్నదైన మా అమ్మ. ఆమె చేతికి గాజుల్లేవు. చెయ్యి పక్కనే బొంగరం. ఆ డైరెక్టరు దాన్ని ఎంత శ్రద్ధగా తీశాడో! ఒక్కొక్క గాజుముక్క మీద వెలుగు పడేదాకా ఆగాడు. ఆ దరిద్రుడికి కన్నుంది. కన్ను లేనివాడైతే నేనింత అసహ్యించుకునేదాన్ని కాదేమో. అంత బాగా చూడగలిగినవాడు, చూసినదాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. అమ్మ మొహం ఒకసారి, స్తంభానికి కట్టేసిన పిల్ల ఒకసారి, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన బట్టల్లేని మనిషి ఒకసారి. మళ్ళీ అమ్మ మొహం. దాని మీద ఆ బొంగురు గొంతు. ఇన్నేళ్ళయినా వినగానే కొంగు కోసం నా చెయ్యి తల మీదకి పోయింది.

వెంటనే ఆ కుర్రాడికి ఫోన్ చేశాను.

"అది మేకు కాదు బాబూ. బొంగరం. మా తమ్ముడిది. అది సెట్టింగు కాదు, వాడి సమాధి. ఆ గాజులు మా అమ్మవి. ఆవిడ నటించలేదు."

"బొంగరమాండి?" అన్నాడు. గొంతు మారిపోయింది. "నాకు తెలీదండి. ఒట్టండి, తెలీదండి."

"తెలీకపోతే అడగాలి. చొక్కా వేసుకునే ముందు అడగాలి. సమాధి మీదది చొక్కా మీద వేసుకుంటారా ఎవరైనా?"

"షో ఆపేస్తానండి. చొక్కాలు కూడా ఆపించేస్తాను. నెట్లోంచి ఇప్పుడే తీసేస్తానండి. కాకపోతే చాలామంది డౌన్‌లోడ్ చేసేసుకున్నారండి, వాళ్ళ దగ్గర్నుంచి..."

"ఇప్పుడే తీయకు," అన్నాను. ఆ మాట అనడానికి సిగ్గుతో చచ్చిపోయాను. "సాయంత్రం దాకా ఉంచు. మా అమ్మ చూడాలి."

"ఆయ్," అన్నాడు మెల్లగా.

దింపుకుని దాచుకోవచ్చని నాకూ తెలుసు. పిల్లల ఫొటోలు, చర్చి పాటలు ఉన్న ఫోనులో ఆ చెత్తను ఎక్కడ పెట్టుకోను? కానీ మా తమ్ముడి సమాధి ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఫొటో లేదు, రాయి లేదు, నేల కూడా లేదు. ఉన్నది ఆ రోతలోనే. ఆ సినిమా నాశనమైపోవాలని నోరారా తిట్టుకునే భాగ్యం కూడా లేకుండా చేశారు.

అమ్మ లేచి మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఎక్కడికో బయల్దేరినట్టు ఉంది. మంచం మీద నా పక్కన కూర్చుంది. ఫోను ఆమె కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాను. ఆ బొంగురు గొంతు మళ్ళీ ఆమె చెవిన పడకూడదని సౌండు పూర్తిగా తీసేశాను.

"నేను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఏమీ అడక్కమ్మా. తీసినప్పుడు చూడు."

"సరేలే."

అరచెయ్యి ఫోను మీద పెట్టాను. ఆ పిల్ల స్తంభం దగ్గర ఉన్నంతసేపూ పెట్టే ఉంచాను. సమాధులు రాగానే తీశాను.

అమ్మ ముందు తనను తాను చూసుకోలేదు. "మల్లెపూలు," అంది. తర్వాత బొంగరం కనిపించింది. వేలితో ఫోను మీద నిమరబోతే బొమ్మ ఆగిపోయింది. అలాగే ఆపి ఉంచాను. అమ్మ అంచులు చూసుకుంది. "ఈ కింద ముక్క వంకరపోయిందే. అప్పుడే అనుకున్నాను," అంది. చాలాసేపు చూశాక, "కానియ్," అంది. మళ్ళీ కదిలించాను. చెయ్యి అడ్డం పెట్టాను, తీశాను. మళ్ళీ పెట్టాను, తీశాను.

ఇప్పుడు తెర నిండా అమ్మ మొహం. సమాధి మీద చెయ్యి వేసి మాట్లాడుతోంది. గొంతు లేదు, పెదాలు కదులుతున్నాయి. నా పక్కన ముసలి అమ్మ పెదాలు కూడా కదిలాయి. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత వినిపించింది. తెర మీద పెదాలు ఎలా కదిలితే అలా, అమ్మ పైకి చెబుతోంది.

"ఎండగా ఉందేంట్రా నాన్నా... ఈళ్ళు పండగ ముందే చేయించేరురా... పూలు బాగున్నాయా... తాడు మర్చిపోయి వచ్చేనురా బాబూ... ఈ గోలలో పడి మర్చిపోయేను... ఏడవకు... ఈసారొచ్చినప్పుడు తెస్తాను. తప్పకుండా తెస్తాను..."

ఎక్కడా తడబడలేదు. తెర మీద పెదాలు ఆగాయి. అమ్మ కూడా ఆగింది.

"మళ్ళీ వెళ్ళనే లేదు కదే," అంది.

ఆ వెనక ఏమొస్తుందో నాకు తెలుసు. చెయ్యి అడ్డం పెట్టాలని తెలుసు. పెట్టలేకపోయాను, కళ్ళ నిండా నీళ్ళు. తెర మీద ఆ రోతంతా మొదలైంది. అమ్మ తన కళ్ళు మూసుకోలేదు. కొంగు తీసి నా తల మీదుగా మొహం కిందిదాకా కప్పేసి, దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చూడకమ్మాయ్," అంది.